ఫ్రిజ్ మంట కుంగితే ప్రెషర్ పెంచకండి, ముందు కొలవండి

ప్రశ్న: మాస్టారూ, మాది వైజాగ్ మధురవాడ. రెండేళ్ల క్రితం విదేశాల్లో తయారైన పాత ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు లాంటిది) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అందులోని ఫ్రిజ్ ఇంటి కరెంటు మీద, బ్యాటరీ మీద, గ్యాస్ మీద మూడు రకాలుగానూ నడుస్తుంది. ఇంటి దగ్గర కరెంటుకి పెడితే తెల్లారేసరికి ఐస్ గడ్డకడుతోంది. గ్యాస్ మీద మాత్రం రోజంతా వెలిగించి ఉంచినా నీళ్లు కుండలో నీళ్లలా ఉంటున్నాయి, అంతకు మించి చల్లబడవు. స్టవ్ వెలిగించగానే ఫ్రిజ్ మంట కుంగిపోతోంది. సంక్రాంతి సెలవుల్లో లంబసింగి వెళ్తే తెల్లవారుజామున మంట పూర్తిగా ఆరిపోయింది. ఫిషింగ్ హార్బర్లో కొని పట్టుకెళ్లిన రెండు కేజీల వంజరం మర్నాటికి వాసనొచ్చి పారేశాం. మా గ్యాస్ మెకానిక్ "ప్రెషర్ చాలట్లేదండీ, హోటళ్లకి వేసే హై ప్రెషర్ రెగ్యులేటర్ బిగించేస్తాను" అంటున్నాడు. వేయించమంటారా? రాత్రిపూట పిల్లలు ట్రైలర్లోనే పడుకుంటారు, అదే టెన్షన్‌గా ఉంది.

సమాధానం: వేయించకండి బాబూ. ఆ మాట ముందు చెప్పేసి మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీ మెకానిక్ మాటలో సగం నిజం ఉండొచ్చు. ఫ్రిజ్ దగ్గరికి చేరే గ్యాస్‌కి ప్రెషర్ చాలకపోతూ ఉండొచ్చు. కానీ ఆయన కొలవలేదు, మంటను చూసి చెప్పాడు. మన వంటింటి రెగ్యులేటర్ ఇచ్చే ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి 30 గ్రాములు. సిలిండర్ లోపల ఉండేది దానికి వంద రెట్ల పైమాటే. టిఫిన్ సెంటర్లో పెద్ద భట్టీ కింద బుస్సుమని మండే మంటకి వాడే రెగ్యులేటర్ గ్రాముల లెక్కలో కాదు, కేజీల లెక్కలో గ్యాస్ వదులుతుంది. ఫ్రిజ్ వాల్వూ, స్టవ్ నాబులూ, వాటి లోపలి రబ్బరు పొరలూ ఆ లెక్కకి చేసినవి కావు. ఎక్కడో ఒకచోట లీకవుతుంది. ఎల్‌పీజీ గాలి కంటే బరువు కాబట్టి పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. మీ పిల్లల పరుపులు ఉండేది అక్కడే. 1997 సెప్టెంబరు 14న మన ఊరి రిఫైనరీలో లీకైన ఎల్‌పీజీకి నిప్పంటుకుని ఎంతమంది పోయారో ఆ రోజుల్లో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అది పెద్ద ట్యాంకుల సంగతి, మీది చిన్న సిలిండరు. గ్యాస్ నడిచే తీరు మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇక మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. కరెంటు మీద ఐస్ కడుతోంది అన్నారు చూడండి, అదే. ఎందుకో తెలియాలంటే ఈ ఫ్రిజ్ ఎలా పనిచేస్తుందో కాస్త చూడాలి. మన ఇంటి ఫ్రిజ్‌లో ఉండే కంప్రెసర్ దీంట్లో ఉండదు, మోటారూ ఉండదు. 1922లో స్వీడన్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు, వాన్ ప్లాటెన్, మంటర్స్ అనేవాళ్లు కనిపెట్టిన పద్ధతి ఇది. సీలు వేసిన గొట్టాల్లో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ ఉంటాయి. అడుగున వేడి తగిలితే నీళ్లలో కలిసి ఉన్న అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది. వెనకాల పైభాగాన ఉన్న రెక్కల గొట్టాల్లో చల్లబడి ద్రవమవుతుంది. ఆ ద్రవం ఫ్రీజర్ దగ్గర హైడ్రోజన్‌లోకి మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని లాగేసుకుంటుంది. ఆ తర్వాత నీళ్లలో కలిసిపోయి వాలుకి కిందకి జారుతుంది. అడుగున తగలాల్సింది వేడి ఒక్కటే. అది కరెంటు హీటర్ నుంచి వచ్చినా సరే, గ్యాస్ మంట నుంచి వచ్చినా సరే.

కరెంటుకి ఐస్ కట్టిందంటే ఆ గొట్టాలన్నీ ఆరోగ్యంగా ఉన్నట్టే. ఖరీదైన భాగం అదే, పాడైతే మొత్తం మార్చాల్సిందే. కాబట్టి అమ్మోనియా నింపాలి, యూనిట్ మార్చాలి అని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి. మీ లోపం సిలిండర్ నుంచి మంట దాకా ఉన్న దారిలోనే ఎక్కడో ఉంది.

ఆ దారిలో నా మొదటి అనుమానం ఎక్కడో చెబుతాను. ట్రైలర్ ముందు భాగంలో సిలిండర్ పెట్టె తెరిచి చూడండి. గోడకి గానీ, పెట్టె అంచుకి గానీ బిగించి, గుండ్రంగా చిన్న పళ్లెంలా ఇంకో రెగ్యులేటర్ ఏదైనా ఉందా? విదేశీ ట్రైలర్లలో చాలావాటికి ఉంటుంది. అక్కడివాళ్లు సిలిండర్ నుంచి పూర్తి ప్రెషర్‌ని గట్టి గొట్టంతో దానికి అందిస్తారు, అది తగ్గించి లోపలికి పంపుతుంది. మన దగ్గరికి వచ్చాక ఏం చేస్తారంటే, మన సిలిండర్ మూతికి మన రెగ్యులేటర్ నొక్కి, దాని రబ్బరు ట్యూబు తీసుకెళ్లి ఆ గోడ రెగ్యులేటర్‌కి తగిలించేస్తారు. అంటే ఒక రెగ్యులేటర్ వెనక ఇంకోటి. మొదటిది 30 గ్రాములకి తగ్గించేసింది. కేజీల ప్రెషర్ వస్తుందని కూర్చున్న రెండోదానికి ఆ 30 గ్రాములే అందుతున్నాయి. ఫ్రిజ్ ఒక్కటే వెలుగుతుంటే ఎలాగో నడుస్తుంది, ఎందుకంటే ఫ్రిజ్ తాగే గ్యాస్ చాలా తక్కువ. స్టవ్ కూడా వెలిగించారంటే ఒక్కసారిగా ఎక్కువ గ్యాస్ కావాలి, రెండో రెగ్యులేటర్ గొంతు దగ్గర అది ఆగిపోతుంది. మంట కుంగుతుంది. మీరు రాసింది అచ్చం ఇదే.

ఇప్పుడు మీ మెకానిక్ సలహా ఎంత ప్రమాదమో చూడండి. గోడ రెగ్యులేటర్ ఉన్న ట్రైలర్‌కి హై ప్రెషర్ పెడితే ఫ్రిజ్ బ్రహ్మాండంగా మండొచ్చు. బాగైపోయిందని అందరూ సంతోషిస్తారు. కానీ మధ్యలో ఉన్న రబ్బరు ట్యూబు తక్కువ ప్రెషర్‌కి చేసింది, దాని మీద పదుల రెట్ల బరువు పడుతుంటుంది. పాతికేళ్ల నాటి ఆ గోడ రెగ్యులేటర్ లోపలి పొర చిరిగిన రోజున ఆ ప్రెషరంతా నేరుగా స్టవ్ మీదికీ, ఫ్రిజ్ మీదికీ వస్తుంది.

సరే, ఇప్పుడు కొలత. దీనికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. తాపీ మేస్త్రీలు గోడలకి లెవల్ చూసుకునే పారదర్శకమైన ట్యూబు ఉంటుంది చూడండి, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా మీటర్ల లెక్కన అమ్ముతారు, అది మూడు మీటర్లు చాలు. ఒక చెక్క పలక మీద ఆంగ్ల అక్షరం యు ఆకారంలో మేకులతో బిగించండి. ఒక్కో కాలు 80 సెంటీమీటర్లు ఉండాలి. మిగిలిన ట్యూబు గ్యాస్ దగ్గరికి వెళ్లడానికి. సగం ఎత్తు దాకా, అంటే 40 సెంటీమీటర్ల దాకా నీళ్లు పోయండి. బట్టలకి పెట్టే నీలం మందు ఒక చుక్క వేస్తే నీటిమట్టం స్పష్టంగా కనిపిస్తుంది. బుడగలు లేకుండా చూసుకోండి.

చదరపు సెంటీమీటరుకి 30 గ్రాముల ప్రెషర్ అంటే సరిగ్గా 30 సెంటీమీటర్ల నీటి ఎత్తు. లెక్కలు కట్టే పనే లేదు, టేపు పెట్టి చూస్తే చాలు. ఒక్క జాగ్రత్త: గ్యాస్ తగలగానే ఒక కాలులో నీళ్లు 15 సెంటీమీటర్లు దిగుతాయి, రెండో కాలులో 15 ఎక్కుతాయి. కొలవాల్సింది ఈ రెండు మట్టాల మధ్య తేడా. ఒక కాలు మాత్రమే చూసి "అయ్యో, 15 గ్రాములే వస్తోంది" అని మంచి రెగ్యులేటర్‌ని పారేసినవాళ్లని నేను చూశాను.

ఎంత ఉండాలి అన్నది ఫ్రిజ్ మీదే రాసి ఉంటుంది. తలుపు తీసి లోపలి గోడ మీద అతికించిన చిన్న ప్లేట్ చూడండి. అమెరికా ఫ్రిజ్ అయితే 11 అంగుళాల నీటి మట్టం అని ఉంటుంది, అంటే 28 సెంటీమీటర్లు. యూరప్‌ది అయితే 30 మిల్లీబార్లు, అంటే మన 30 సెంటీమీటర్ల కంటే అరసెంటీమీటరు ఎక్కువ. ఈ రెండింటికీ మన ఇంటి రెగ్యులేటర్ సరిపోతుంది. పాత జర్మనీ బండి అయితే 50 మిల్లీబార్లు అని ఉండే అవకాశం ఉంది. అలా ఉంటే మాత్రం సంగతి వేరు. 50కి చేసిన జెట్ (మంటకి గ్యాస్ వదిలే సన్నటి రంధ్రం ఉన్న భాగం) 30 మీద మండితే వేడి దాదాపు పాతిక శాతం పడిపోతుంది. ఫ్రిజ్ చచ్చిపోదు, చల్లబడనూ చల్లబడదు. దానికి తగిన 50 మిల్లీబార్ల రెగ్యులేటర్ గానీ, 30కి సరిపోయే జెట్ గానీ ఆ కంపెనీ విడిభాగంగానే తెప్పించాలి. జెట్ రంధ్రాన్ని ఎవరితోనూ పెద్దది చేయించకండి.

కొలిచేటప్పుడు మెకానిక్‌ని పక్కనే ఉంచుకోండి, అసలు బిగింపు ఆయన చేతే చేయించండి. బండి బయటివైపు ఫ్రిజ్ వెనక కింది జాలీ మూత తీస్తే బర్నర్ కనిపిస్తుంది. గ్యాస్ వాల్వ్ పక్కన మరతో మూసిన చిన్న నిపుల్ ఉంటుంది, అది ప్రెషర్ చూడడానికే పెట్టింది. సిలిండర్ కట్టేసి, ఆ మర వదులు చేసి, ట్యూబు ఎక్కించి క్లిప్ బిగించండి. తర్వాత గ్యాస్ మెల్లగా తెరవండి. నీళ్లు ఎగిరి బయటికి చిమ్మితే వెంటనే కట్టేయండి, రెగ్యులేటర్ పాడైందని అర్థం.

ముందు ఏదీ వెలిగించకుండా చూడండి. అంకె ఒకచోట నిలబడాలి. నిలబడకుండా మెల్లమెల్లగా ఎక్కుతూనే ఉంటే రెగ్యులేటర్ మార్చాలి. ఆ తర్వాత ఫ్రిజ్ వెలిగించండి, లోపల ఇంకెవరినైనా స్టవ్ ఒక పొయ్యి, ఆపైన రెండో పొయ్యి వెలిగించమనండి. రెండు మూడు సెంటీమీటర్లు తగ్గితే ఫర్వాలేదు. 30 ఉన్నది 20కి దిగితే దారిలో అడ్డం ఉందన్నమాట. రెండో రెగ్యులేటరో, మడతపడిన ట్యూబో, లోపల ఉబ్బిన రబ్బరో, సగమే తెరుచుకున్న వాల్వో. మన ఎల్‌పీజీతో కాస్త జిడ్డు కూడా వస్తుంది, ఏళ్ల తరబడి మార్చని ట్యూబుల్లో అది పేరుకుంటుంది. గ్యాస్ ఏజెన్సీలు ఇచ్చే నారింజ రంగు సురక్ష ట్యూబుని కూడా ఐదేళ్లకి మార్చేయాలి.

చివరగా అన్నీ ఆపేసి, సిలిండర్ కూడా కట్టేసి పది నిమిషాలు ఆ నీళ్లనే చూస్తూ కూర్చోండి. మట్టం దిగిపోతుంటే ఎక్కడో లీకుంది. సబ్బు నురగతో ఒక్కో జాయింటూ చూడాలి, నిపుల్ మర తిరిగి బిగించాక దానికీ పట్టించాలి. ఈ పది నిమిషాల పరీక్ష ఒక్కటీ ఏటా దూరప్రయాణానికి ముందు చేసుకుంటే పిల్లలు లోపల పడుకున్నారన్న బెంగ మీకు చాలావరకు తీరుతుంది.

గోడ రెగ్యులేటర్ ఉండి, ప్లేట్ మీద 11 అంగుళాలు గానీ 30 మిల్లీబార్లు గానీ రాసి ఉంటే, దాన్ని తీయించేసి మన రెగ్యులేటర్ ఒక్కటే ఉంచుకోవడం నాకు తెలిసినంతలో తేలికైన పరిష్కారం. సిలిండర్లు, రెగ్యులేటర్లు ఇక్కడ దొరికేవే కాబట్టి ఏ ఊళ్లో పాడైనా మార్చుకోవచ్చు.

లంబసింగిలో మంట ఆరిపోయిందన్నారు. దానికి ఇంకో కారణం కూడా తోడైందని నా నమ్మకం. విదేశాల్లో ఈ ఫ్రిజ్‌ని ప్రొపేన్ ఫ్రిజ్ అంటారు, అక్కడ చాలాచోట్ల ప్రొపేనే వాడతారు. మన సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిపిన మిశ్రమం. ప్రొపేన్ సున్నాకి 42 డిగ్రీలు కిందనే మరిగి గ్యాసవుతుంది. బ్యూటేన్ మరిగేది సున్నాకి అర డిగ్రీ దిగువన. వైజాగ్‌లో ఈ తేడా ఎప్పటికీ తెలియదు. జనవరి తెల్లవారుజామున లంబసింగిలో తెలుస్తుంది. వాడేకొద్దీ ముందు ప్రొపేన్ ఎక్కువగా ఖర్చయిపోతుంది, అడుగున మిగిలేదాంట్లో బ్యూటేన్ పాలు పెరుగుతుంది. ఆ చలిలో అది బద్ధకంగా ఆవిరవుతుంది. సిలిండర్ సగానికి పైగా ఖాళీ అయి ఉంటే, అసలే గొంతు నొక్కుకున్న లైన్లో ప్రెషర్ ఇంకా పడిపోయి మంట ఆరిపోతుంది. కాబట్టి చలికాలం మన్యం వైపు వెళ్లేటప్పుడు నిండు సిలిండర్ తీసుకెళ్లండి. చల్లబడిందని సిలిండర్ మీద వేడినీళ్లు పోయడం, పక్కన నెగడు పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఇంకో మాట, ఇంటి కనెక్షన్ మీద వచ్చే 14.2 కిలోల సిలిండర్ ఇంటి వంటకే ఇచ్చింది. బండికి 5 కిలోల చిన్న సిలిండర్ విడిగా కొనుక్కోండి, నిలబెట్టి కట్టుకోండి.

ప్రెషర్ సరిగ్గా ఉండీ మంట బాగోలేకపోతే అప్పుడు బర్నర్ వైపు చూడాలి. మంట నీలంగా, బిగువుగా, సన్నటి చప్పుడుతో ఉండాలి. పసుపు రంగులో ఊగుతుంటే గాలి చాలట్లేదు, లేదా జెట్ దగ్గర చెత్త ఉంది. ఫ్రిజ్ జెట్ రంధ్రం వెంట్రుకంత. స్టవ్‌కి లెక్కలోకి రాని దుమ్ము దీన్ని ఆపేస్తుంది. భీమిలిలో ఒకాయన ట్రైలర్ ఆరు నెలలు కదపకుండా ఉంచాడు. మంట అరంగుళం కూడా లేవట్లేదని పిలిస్తే వెళ్లాను. బర్నర్ గొట్టం విప్పి వెలుతురుకి ఎత్తి చూస్తే లోపల అడ్డంగా తెల్లటి సాలెగూడు, దాని మీద సముద్రపు గాలికి రేగిన తుప్పు పొడి. టూత్‌బ్రష్‌తో దులిపి, జెట్‌ని కాసేపు స్పిరిట్‌లో నానబెట్టి గాలి ఊదాక నీలం మంట వచ్చింది. గ్యాస్‌లో వాసన కోసం కలిపే మందుకి సాలెపురుగులు చేరతాయని చాలామంది మెకానిక్‌లు అంటారు. ఏమైనా మన తీరంలో జాలీ వెనక గూళ్లు మాత్రం తప్పవు. జెట్‌లో గుండుసూది పెట్టి పొడవకండి, రంధ్రం ఒక్క పిసరు పెద్దదైనా మంట పాడైపోతుంది.

బర్నర్ పైనున్న పొగగొట్టంలో మెలికలు తిప్పిన రేకు ఒకటి వేలాడుతుంది. వేడి గబుక్కున పైకి పోకుండా గొట్టానికి అంటుకునేలా చేసేది అదే. పై జాలీ నుంచి దాన్ని బయటికి తీసి, మసి దులిపి, గొట్టాన్ని సన్నటి బ్రష్‌తో తోమాలి. ముందు కింద బర్నర్ మీద గుడ్డ కప్పండి, లేకపోతే రాలిన మసంతా దాని మీదే పడుతుంది. రేకు మళ్లీ అదే ఎత్తులో వేలాడాలి, తీసేముందు గుర్తు పెట్టుకోండి. ఇదంతా చేసినా మంట పసుపుగానే ఉందంటే జెట్ ఒట్టి ప్రొపేన్‌కి చేసినది అయ్యుండొచ్చు. బ్యూటేన్ కలిసిన మన గ్యాస్‌కి గాలి ఎక్కువ కావాలి. అప్పుడు జెట్ మార్చాల్సిందే.

ఘాట్ రోడ్ల పక్కన, వాలు స్థలాల్లో ఆపినప్పుడు బండి మట్టంగా ఉండాలన్నది మరిచిపోకండి. ద్రవం వాలుకి జారడం మీదే ఈ ఫ్రిజ్ బతుకు ఆధారపడింది. మూడు డిగ్రీలు మించి పక్కకి ఒరిగి గంటల తరబడి మండితే అడుగున ద్రవం తిరిగి రాక గొట్టం మాడిపోతుంది, అది ఇక బాగుకాదు. ఫ్రీజర్ లోపల చిన్న రసమట్టం పెట్టి చూసుకోండి. ఫ్రిజ్ ఉన్న వైపు పడమటి ఎండ తగలకుండా ఆపండి, జాలీలకి టార్పాలిన్ కప్పకండి. బయల్దేరే ముందు రాత్రే ఇంటి కరెంటు మీద చల్లబరిచి, చేపని ఇంట్లోనే గడ్డకట్టించి పెట్టండి. బండి నడిచేటప్పుడు గ్యాస్ కట్టేసి బ్యాటరీకి మార్చండి. పెట్రోల్ బంకులోకి మంటతో వెళ్లకూడదని మీకు తెలిసే ఉంటుంది.

పిల్లల గురించి మాత్రం ఇంకాస్త చెప్పాలి. పసుపు మంటతో వచ్చే ప్రమాదం మసి ఒక్కటే కాదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకి తెలియదు. ఫ్రిజ్ వెనక భాగానికీ, మీరు పడుకునే గదికీ మధ్య ఉన్న సీలు చెక్కుచెదరకుండా ఉండాలి. రాత్రిపూట ఫ్రిజ్ చుట్టూ లోపలివైపు నుంచి సందుల్లో టార్చి వేయండి, ఇంకొకరు బయట జాలీ దగ్గర నిలబడి వెలుతురు కనిపిస్తుందేమో చూడాలి. కనిపిస్తే అది మూసేదాకా పిల్లల్ని లోపల పడుకోబెట్టి గ్యాస్ మీద నడపకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం, గ్యాస్ లీక్ అలారం రెండూ కొనండి, గ్యాస్‌ది నేలకి దగ్గరగా బిగించండి. సిలిండర్ పెట్టె అడుగున గాలి రంధ్రం ఉంటుంది, లీకైన గ్యాస్ కిందకి పోవడానికి. ఎలుకలొస్తున్నాయని చాలామంది దాన్ని గుడ్డ కుక్కి మూసేస్తారు. మీ పెట్టెలో అలా ఉంటే ఇవాళే తీసేసి, బదులుగా ఇనుప జల్లెడ బిగించండి. ఎప్పుడైనా లోపల గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా అందరూ దిగి, సిలిండర్ కట్టేసి, గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయండి.

సిలిండర్ పెట్టెలో రెండో రెగ్యులేటర్ ఉందో లేదో, ఫ్రిజ్ ప్లేట్ మీద ఎంత రాసి ఉందో, స్టవ్ వెలిగించకముందు నీటిమట్టాల తేడా ఎంతో, వెలిగించాక ఎంతో నాకు రాయండి. అవి చేతికొచ్చాక ఏం మార్చాలో కచ్చితంగా చెబుతాను. అందాకా కరెంటు మీదే నడుపుకోండి.